బతికుండగా ఒక క్లోజప్

"ఈసారి హీరో తన్నేది నిన్నే!" అని ఏజెంటు మిల్ట్ ప్లాట్నిక్ ఫోనులో కేకేసినట్టు హాల్ టెరిస్‌కి వినబడింది.

అందులో వింతేమీ లేదు. హాలీవుడ్‌లో హీరోలు హాల్‌ని తన్నడం మూకీ సినిమాల చివరి రోజుల్లోనే మొదలైంది. వింతల్లా మిల్ట్ గొంతులోని సంబరమే. ఒకడు తన్నులు తింటాడు, ఒకడు కమీషన్ తింటాడు, అది లోకధర్మమే. అయినా తినబోయేవాడికి లేని ఆకలి వడ్డించేవాడికి ఎందుకో హాల్‌కి అర్థం కాలేదు.

"అలాగే. ఎక్కడ?" అన్నాడు.

"జైల్లో."

"జైలు గదిలోనా? పడ్డానికి చోటుండదు కదరా."

"పడ్డమేంటి? నువ్వు ఏడవాలి!"

"తంతే నవ్వుతానా మరి?"

"నీ జోకులు తగలెయ్య! మంగళవారం పొద్దున, ఎనిమిదో నంబరు ఫ్లోరు. హీరో వేడ్ లార్కిన్. నీకు క్లోజప్ కూడా ఉంది. విన్నావా? క్లో... జ... ప్!"

ఆ ఆఖరి మాట మాత్రం హాల్‌కి గంట కొట్టినట్టు వినబడింది. దెబ్బ తిన్న ముఖాన్ని దగ్గర్నించి చూపిస్తారన్నమాట. చూపించనీ. ఏ ముఖమైతేనేం, తన ముఖమే కదా.

చెవి సంగతి చెప్పాలి. ఎప్పుడో కొండల్లో రైలు దోపిడీ సీను తీస్తుంటే ఒక ఉత్సాహవంతుడు సరిగ్గా హాల్ ఎడమ చెవి పక్కన తుపాకీ పేల్చాడు. తూటా ఉత్తిది, చెవుడు మాత్రం గట్టిది. కుడి చెవి బాగానే ఉంది గానీ, కుడి చేతిలో ఎప్పుడూ కాఫీ కప్పు ఉంటుంది కనక ఫోను ఎడమ చెవికే పెట్టుకోవడం అలవాటు. ఆ చెవిలో పడ్డ మాట దారి తప్పిన గొర్రెలాంటిది. ఏదో ఒక దొడ్లోకి చేరుతుంది, తన దొడ్డే అవ్వాలని లేదు.

అతని అసలు పేరు హాగోప్ టెర్జ్యాన్. ఫ్రెస్నో ఊళ్లో ఆర్మేనియన్ దర్జీ గారబ్బాయి. స్టూడియోవాళ్లకి ఆ పేరు నోరు తిరగలేదు. దర్జీ కొడుకు పేరుని వాళ్లే కత్తిరించి హాల్ టెరిస్ అని కుట్టారు. పేరులో హాలుంది, టెర్రసుంది. కాపురం మాత్రం గోవర్ వీధి వెనక ఒంటి గదిలో. "టెర్జ్యాన్ అంటే దర్జీ కొడుకని అర్థం. టెరిస్ అంటే ఎవడి కొడుకురా?" అని వాళ్ల నాన్న ఒక్కసారి అడిగాడు. జవాబు రాకపోయేసరికి మళ్లీ అడగలేదు. ఆ నాన్న ఫ్రెస్నోలో కన్నుమూసిన రోజున హాల్ ఎడారిలో, ఇసుకలో బోర్లాపడి, ఇంకెవరి కోసమో చస్తున్నాడు. కబురు అందేసరికి పాతిపెట్టేశారు.

వంకీ ముక్కూ దట్టమైన కనుబొమలూ ఉన్నందుకు హాల్‌కి దేశాల కొరత ఎన్నడూ రాలేదు. మెక్సికోవాడిగా చచ్చాడు, అరబ్బుగా చచ్చాడు, గ్రీకు నావికుడిగా మునిగి చచ్చాడు. అపాచీ రెడ్ ఇండియన్‌గా గుర్రాల మీంచి రాలిన సార్లు గుర్రాలకే తెలియాలి. ఆర్మేనియన్‌గా చావడానికి మాత్రం ఎవరూ పిలవలేదు. చచ్చిన తరవాత అప్పుడప్పుడూ ముఖం దగ్గరగా చూపించేవారు, కళ్లు తెరుచుకుని, ఈగ వాలినా కదలకుండా. బతికుండగా అతని ముఖం మీదికి కెమెరా వచ్చిన పాపాన పోలేదు.

ఇందులో పెద్ద బాధితురాలు ఆరాక్సీ, అతని భార్య. గుంపు సీన్లలో నిలబడిన మనిషి కాబట్టి ఈ పని లోతుపాతులు ఆవిడకీ తెలుసు. మొగుడి ప్రతి సినిమాకీ వెళ్లేది. "కుర్చీ వెతుక్కుని కూచునేలోపే పోతావు కదా! నేను కోటు విప్పుకునేదాకా అన్నా బతికుండవయ్యా. ఇంట్లో మొగుడున్నా, థియేటర్లో మాత్రం నేనెప్పుడూ వితంతువునే," అని దెప్పేది.

ఇప్పుడు సంగతి మరీ ముదిరింది. మోకాళ్లు పోయాయి. పడేవాడికి మోకాళ్లు పోతే పాడేవాడికి గొంతు పోయినట్టే. పడలేనివాడికి ఈ ఊళ్లో మిగిలేవి కూర్చునే వేషాలు. జడ్జీలు, తాతలు, పాదిరీలు. అవి కావాలంటే డైరెక్టర్లకి ముఖం చూపించాలి, చూపించడానికి ఒక ముక్క ఫిల్మయినా ఉండాలి. మిల్ట్ పోయిన నెలే చెప్పేశాడు: "నీ ముఖం బతికున్నట్టు కనబడే ముక్క ఒక్కటి తెచ్చివ్వరా, నిన్ను అమ్ముతాను. లేదంటే మనిద్దరం పాత స్నేహితులం, అంతే." స్నేహితులం అని ఏజెంటు అన్నాడంటే ఇక ఫోను రాదని అర్థం. అటువంటిది వచ్చింది. అందుకే తన్నులైనా సరే అనుకున్నాడు హాల్.

మంగళవారం పొద్దున ఆరాక్సీ గుడ్లలో బాస్తుర్మా అనే ఎండు మాంసం వేసి వేయించి పెడుతుంటే, హాల్ మంచం మీద కూర్చుని మెత్తలు కట్టుకున్నాడు. మోకాళ్లకి, మోచేతులకి, నడుముకి, తుంటికి. ఉన్ని కూరి, తోలు పెట్టి, తనే కుట్టుకున్న మెత్తలు. నాన్న పనితనం అతనికి దక్కింది వీటిల్లోనే.

"ఇంకా తంతారా నిన్ను? ఈ వయసులో?" అంది ఆరాక్సీ.

"వయసుకి గౌరవమిచ్చి మెల్లగా తంతారులే."

కాస్ట్యూమ్స్ గదిలో ఎస్టెల్ ఉంది. హాల్ చచ్చిన చొక్కాల్లో సగానికి చిల్లులు పెట్టింది ఆవిడే. ఒక పాత నల్లకోటు తెచ్చి తొడిగింది. బొత్తాం దగ్గరికి రాలేదు. లాగింది. రాలేదు. వెనక్కి తిప్పి తడిమి చూసింది.

"ఏంటి బంగారం, ఒళ్లొచ్చిందా?"

"ఒళ్లు కాదమ్మా, మెత్తలు."

"మెత్తలెందుకు?"

"తన్నులకి. హీరో తంతాడటగా?"

ఎస్టెల్ బల్లమీదున్న కాగితాలు రెండుసార్లు తిరగేసింది. "ఎవరు చెప్పారు నీకు? ఇందులో తన్నుల్లేవు, గుద్దుల్లేవు. హీరోకి తండ్రివి నువ్వు. రేపు కొడుకుని ఉరి తీస్తారు. ఈ రాత్రి నువ్వు జైలుకొచ్చి వాడి చొక్కాకి ఊడిపోయిన బొత్తాం కుడతావు. అదీ సీను."

హాల్ అక్కడే ఉన్న టోపీల పెట్టె మీద కూలబడ్డాడు. మిల్ట్ కేక చెవిలో మళ్లీ మోగింది. ఈసారి సరైన దొడ్లోకి చేరింది.

"మరి నువ్వేం విన్నావు?" అంది ఎస్టెల్.

చెవుడు అని ఒప్పుకున్నవాడికి మాటలున్న వేషం ఇవ్వరు. "ఏం వినలేదు. మెత్తలు అలవాటు, అంతే," అన్నాడు. ఎస్టెల్ నమ్మలేదు గానీ, అడగలేదు. మెత్తలన్నీ విప్పించి, మోకాళ్లవి మాత్రం ఉంచేసింది. కుట్టేటప్పుడు రాతి నేల మీద మోకరిల్లాలట.

అడగలేదు గానీ, చెప్పకుండా ఉండలేదు. పది నిమిషాల్లో ఫ్లోరంతా పాకింది. వేడ్ లార్కిన్ చెయ్యి జోరని విని ముసలాయన కవచం తొడుక్కుని వచ్చాడట. లైట్లు మోసేవాళ్లు హాల్ ఎదురుపడినప్పుడల్లా చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని, "కొట్టకండి బాబోయ్!" అనడం మొదలుపెట్టారు. హాల్ కూడా నవ్వాడు. సీను కాగితాలు చేతిలో ఉన్నవాడికి ఏమన్నా నవ్వే వస్తుంది.

వాటిల్లో అతనికి మాటలున్నాయి. "రేపు ఊరంతా వస్తుంది, బాబూ. అంతమంది ముందు బొత్తాం లేకుండా నిలబడతావా?" ఆ తరవాత కుట్టాలి. దారం తెంపాలి. జైలు కాబట్టి కత్తెర ఇవ్వరు, పంటితో కొరకాలి. కొరకడానికి ముఖం కొడుకు గుండెల మీదికి వంచాలి.

ఈ రాసినవాడెవడో గానీ ఫ్రెస్నోలో తన నాన్న దుకాణం చూసొచ్చినట్టే రాశాడనుకున్నాడు హాల్. నాన్న ఎన్నడూ కత్తెరతో దారం తెంపలేదు. మనిషి ఒంటి మీదే బొత్తాం కుట్టి, కళ్లు మూసుకుని, అవతలివాడి గుండె చప్పుడు వింటున్నట్టు తల వంచి కొరికేవాడు.

నడవాలో ఉన్న ఫోను దగ్గరికి వెళ్లి, ఈసారి కుడి చెవికి పెట్టుకుని, ఆరాక్సీకి చెప్పాడు. అవతల గరిటె చప్పుడు ఆగింది.

"వింటున్నావా?"

"వింటున్నా. దాచుకో, హాగోప్."

"ఏంటి దాచుకునేది?"

"తెలియనట్టు అడక్కు. ముందు ఆ పిల్లాడి ముఖం తీస్తారు. నువ్వు కెమెరా పక్కన నిలబడి మాటలందిస్తావు. అప్పుడు ఏడ్చావో, అయిపోయావు. చెంబులో నీళ్లు ఒక్కసారే ఒంపగలం. మాటలు అందించు, కన్నీళ్లు అందించకు."

"నాకు చెబుతున్నావా? కుర్రాళ్లకి ఈ పాఠం చెప్పిందే నేను."

"చెప్పావు. నీకెప్పుడు వంతొచ్చింది గనక పాటించడానికి?"

అది నిజమే. ఈ ఊళ్లో ప్రతివాడికీ తెలిసిన సూత్రం అది. కెమెరా ఎదుటివాడి మీద ఉన్నప్పుడు సగమే ఇవ్వు, నీ మీదికి తిరిగినప్పుడు మొత్తం ఇవ్వు. కెమెరా ఎప్పుడూ తిరగనివాడికి ఆ సూత్రంతో ఏం పని? బోడితలవాడికి దువ్వెన మీద ఉపన్యాసం లాంటిది.

పొద్దున జైలు గది మొత్తం కనబడేలా తీశారు. హాల్ వీపు, వేడ్ పక్కముఖం. బాగానే వచ్చింది. వేడ్ లార్కిన్‌కి పేరు వేడ్ అయినా మనిషి చల్లన. పాతికేళ్లవాడు, చెక్కినట్టున్న దవడ. భోజనాల వేళ పళ్లెం పట్టుకుని వచ్చి హాల్ ఎదురుగా కూర్చున్నాడు. పెద్దాయన అనడానికి వాడి మాట 'పాప్స్'.

"ఏంటి పాప్స్, నేను కొడతానని భయపడ్డారట?"

"నిన్ను చూశాక ధైర్యం వచ్చింది బాబూ."

"నాకే భయంగా ఉంది సార్. నేను నిజంగా ఏడ్చింది మా కుక్క పోయినప్పుడే. మధ్యాహ్నం ఏడవమంటే ఎలా?"

"కుక్కని తలుచుకో."

"పొద్దున్నుంచీ తలుచుకుంటున్నా. తోక ఊపుతోంది. నవ్వొస్తోంది."

హాల్‌కి వాడి మీద జాలేసింది. జాలి అనేది ఈ ఊళ్లో ఖరీదైన అలవాటు, అతనికది ముందునుంచీ ఉంది.

మధ్యాహ్నం వేడ్ క్లోజప్. కెమెరాని వాడి ముఖానికి జానెడు దూరంలోకి తెచ్చారు. హాల్ కెమెరా పక్కనే ఇరుక్కుని, కెమెరా కంట్లో పడకుండా మోకరిల్లి, చేతులు మాత్రం చొక్కా మీదికి చాచాడు. సగమే, అనుకున్నాడు. మాటలు మాటల్లాగే అందించాడు.

మొదటి టేక్‌లో వేడ్ ముఖం అందంగా ఉంది, అంతే. రెండోదాంట్లో ఇంకా అందంగా ఉంది. మూడోదాంట్లో ఏడవబోయి తుమ్మాడు. డైరెక్టర్ గ్రీర్ తల పట్టుకున్నాడు. మేకప్‌వాడు గ్లిజరిన్ సీసా పట్టుకొస్తే తరిమేశాడు. "ఇంత దగ్గర్లో గ్లిజరిన్ పెడితే ఏడ్చినట్టుండదు, చెమట పట్టినట్టుంటుంది!" అన్నాడు. టేకులు నడుస్తూనే ఉన్నాయి. ఫ్లోరు నడిపే అసిస్టెంటు బడ్, గ్రీర్ చుట్టూ గ్రహంలా తిరుగుతూ, "సార్, సాయంత్రం జైలు పడగొట్టాలి. రేపు ఇక్కడే సారా దుకాణం. వడ్రంగులు కూచున్నారు సార్," అని నస పెడుతున్నాడు. వడ్రంగులు నిజంగానే కూచున్నారు, రంపాలు ఒళ్లో పెట్టుకుని, రేపు ఉరి అన్న సీనుకి ఇవాళే వచ్చిన చుట్టాల్లా.

గ్రీర్ వచ్చి హాల్ పక్కన గొంతుక్కూచున్నాడు.

"హాల్, పిల్లాడికి ఏదైనా ఇవ్వండి."

"ఇస్తున్నా కదా."

"మాటలిస్తున్నారు. వాడికి ఇంకేదో కావాలి. మీ దగ్గర ఉందని నాకు తెలుసు."

ఇన్నేళ్లలో ఏ డైరెక్టరూ అతని దగ్గర ఏదో ఉందని అనలేదు. ఆరాక్సీ మాట గుర్తొచ్చింది. దాచుకో. దాచుకుంటే ఈ పిల్లాడు రాత్రి దాకా అందంగా ఉంటాడు, వెలుగు వాడి మీదే ఉంటుంది, తన వంతు రానే రాదు. ఇచ్చేస్తే వంతు వస్తుంది, ఇవ్వడానికేమీ ఉండదు. ఇది లెక్క కాదు, ఉచ్చు. ఏ కాలు పెట్టినా కాలు పోతుంది.

సరే, కొంచెం, అనుకున్నాడు హాల్. చిటికెడు.

కెమెరా వేడ్ మీద తిరగసాగింది. "రేపు ఊరంతా వస్తుంది, బాబూ," అన్నాడు. వేడ్ అతని కళ్లలోకి చూశాడు. నిజంగా చూశాడు, ఏదో కావాలని అడుగుతున్నట్టు, ఆకలిగా. హాల్‌ని అలా చూసినవాళ్లు తక్కువ. తుపాకీ గురి పెట్టి చూసినవాళ్లే ఎక్కువ. సూది చొక్కాలోకి దిగింది, పైకొచ్చింది. వేళ్లు అతనివి కావు, నాన్నవి. దుకాణంలో ఇస్త్రీ వాసన వచ్చింది. "అంతమంది ముందు బొత్తాం లేకుండా నిలబడతావా?" అన్నప్పుడు గొంతు ఫ్రెస్నో యాసలోకి జారిపోయింది. జారనిచ్చాడు. ఎవడి కొడుకురా అని అడిగిన మనిషికి ఇన్నాళ్లకి జవాబు దొరికింది, దాన్ని ఎవడి చొక్కా మీదో కుడుతున్నాడు. వంగాడు, కళ్లు మూసుకున్నాడు, గుండె చప్పుడు వినబడుతుండగా దారం కొరికాడు. తల ఎత్తేసరికి చెంపలు తడిసి ఉన్నాయి, గడ్డం వణుకుతోంది, ఆపుదామన్నా ఆగలేదు.

ఎదురుగా వేడ్ లార్కిన్ ముఖం, ఆ చెక్కిన దవడ, చిన్నపిల్లాడిలా ముక్కలైపోయింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కుక్క కోసం కాదు.

"కట్," అన్నాడు గ్రీర్, దాదాపు గుసగుసగా.

ఫ్లోరంతా చప్పట్లు. లైట్లవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. వేడ్ హాల్‌ని కౌగలించుకుని, "నన్ను చంపేశారు పాప్స్!" అన్నాడు. హాల్ జీవితంలో హీరోని చంపడం అదే మొదలు. కెమెరా మాత్రం హంతకుడి వైపు లేదు.

"ఇప్పుడు హాల్ వైపు తిప్పండి," అని గ్రీర్ అంటుండగానే వేడ్ కోటు అందుకున్నాడు. రాత్రికి ఎక్కడో కొత్త సినిమా ఆడుతోంది, ఫొటోలవాళ్లు ఎదురుచూస్తున్నారు, కారు గేటు దగ్గరుంది. "మీకు నేనక్కర్లేదు పాప్స్. మీరు గోడతో కూడా చేస్తారు!" అని భుజం తట్టి వెళ్లాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఎదుటివాడి క్లోజప్‌కి నిలబడి మాటలందించాలన్న రూలెక్కడా లేదు, మర్యాద ఉందంతే. రూల్స్ రాసి ఉంటాయి, మర్యాద నిలవాలంటే కారు హారన్ వినబడకూడదు.

లైట్లు ఇటు మోసుకొచ్చారు. వేడ్ కళ్లుండాల్సిన చోట ఒక ఇనప స్టాండుకి నల్లటి టేపు ముక్క అంటించారు. దానికిందే హ్యాంగరుకి చొక్కా తగిలించారు. ఉరి తియ్యబోయే కొడుక్కి బదులు ముందే ఉరేసిన చొక్కా. వేడ్ మాటలు చదవడానికి స్క్రిప్టు చూసే జూడీ కూర్చుంది. పాపం ఆ అమ్మాయికి జలుబు.

కెమెరా హాల్ వైపు తిరిగింది. నల్లటి గాజు కన్ను, పెద్దది, జానెడు దూరంలో. ఇన్నేళ్లూ దీని కోసమే. సిగ్గేసింది. పెళ్లిచూపుల్లో తల వంచుకున్న ముసలి పెళ్లికొడుకులా అయిపోయాడు.

"నాన్దా, నువ్వు వస్తావదుకోలేదు," అని చదివింది జూడీ.

"రేపు ఊరంతా వస్తుంది, బాబూ," అన్నాడు హాల్ టేపు ముక్కతో. టేపు ముక్కకి ఉరి గురించి బెంగ లేదు. సూది దిగింది, పైకొచ్చింది. ఈసారి వేళ్లు తనవే. వంగాడు, దారం కొరికాడు. హ్యాంగరు చప్పుడు చేసింది. తల ఎత్తాడు. కళ్లు మండుతున్నాయి, ఎండిపోయి.

"బాగుంది," అన్నాడు గ్రీర్. "ఇంకోటి."

ఇంకోటి ఇంకా బాగుంది, అంటే ఇంకా ఘోరంగా ఉంది. మాటలు ఒక్కటీ తప్పలేదు. తప్పకపోవడమే తప్పు.

గ్రీర్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు. మంచివాడు, అదే పెద్ద చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు.

"హాల్, ఈ సీను వేడ్ ముఖం మీదే నడిచిపోతుంది. అటువంటి ముఖం మళ్లీ దొరకదు. మీ వీపుంటుంది, చేతులుంటాయి. చేతులు అద్భుతం."

"ముఖం?"

"చూద్దాం."

ఈ ఊళ్లో 'చూద్దాం' అంటే ఎవరూ చూడరని అర్థం. హాల్‌కి అది ఏ చెవితో విన్నా అర్థమవుతుంది.

అప్పుడు అతను ఇన్నేళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. అడిగాడు. "ఒక్కటి. ఇంకొక్కటి ఇవ్వండి."

బడ్ ఆకాశంలోకి చూశాడు. ఆకాశం లేదు, లైట్లున్నాయి. వడ్రంగుల్లో ఒకడు రంపం మీద వేలుతో మెల్లగా దరువేస్తున్నాడు. "ఇవ్వండి," అన్నాడు గ్రీర్.

కెమెరా తిరిగింది. హాల్ నాన్నని పిలిచాడు. నాన్న రాలేదు. ఒక్కరోజులో రెండుసార్లు రావడానికి ఆయనేం ఎక్స్‌ట్రా కాదు. ఎడారిలో కబురొచ్చిన రోజుని తలుచుకున్నాడు. ఇసుక మాత్రమే వచ్చింది. చివరికి ఆరాక్సీని తలుచుకున్నాడు, చీకట్లో కోటు విప్పుకుని, ఇదిగో ఇప్పుడొస్తాడని కూర్చున్న ఆరాక్సీని. దానికైనా కన్నీరు రావాలి. రాలేదు. చెంబు బోర్లించి తట్టినట్టు లోపలెక్కడో డొల్ల చప్పుడైంది. సూది చొక్కాలోనే ఆగిపోయింది.

"చాలు," అన్నాడు హాల్.

కట్ చెప్పాల్సింది డైరెక్టర్. నటుడు చెప్పడం ఆ ఫ్లోరులో ఎవరూ వినలేదు. కెమెరామన్ గ్రీర్ వైపు చూశాడు. గ్రీర్ తల ఊపాడు. కెమెరా ఆగింది. కుర్రాడెవడో గాజు కంటికి మూత బిగించాడు. వడ్రంగులు లేచారు. జైలు గోడ ఒకటి అప్పుడే కదిలింది, అట్ట గోడ, ఇద్దరు మోసుకుపోయారు.

ఎవరి పని అయిపోయినా ఫ్లోరులో ఒక ఆచారం ఉంది. బడ్ రెండు చేతులూ నోటికి పెట్టుకుని కేకేశాడు: "ఈ సినిమాలో శ్రీ హాల్ టెరిస్ గారి పని పూర్తయింది!" అందరూ పని ఆపి చప్పట్లు కొట్టారు. రంపాలవాళ్లు కూడా రంపాలు చంకలో పెట్టుకుని కొట్టారు. ఇంతకుముందు ఎన్నోసార్లు విన్నాడు ఆ చప్పట్లు, నేల మీద చచ్చి పడుండి. లేచి నిలబడి వినడం ఇదే.

"మాటలు! మాటలు!" అన్నారెవరో.

"మాటలెందుకు, మెత్తల సంగతి చెప్పమనండి!" అని గుమ్మం దగ్గర్నించి ఎస్టెల్ అరిచింది. "పొద్దున్నుంచీ నవ్వలేక చచ్చిపోతున్నాం ఇక్కడ. నిజం చెప్పండి, వేడ్‌కి భయపడేనా?"

హాల్ మోకాళ్ల మెత్తలు విప్పుకున్నాడు. చెవుడని ఒప్పుకుంటే మాటలున్న వేషాలు రావు. అవి ఎలాగూ రావని ఇప్పుడు తెలిసిపోయింది. దాచుకోవడానికేమీ మిగల్లేదు.

"భయమూ లేదు, పాడూ లేదు," అన్నాడు. "నా ఎడమ చెవి పనిచెయ్యదు. ఎవరికీ చెప్పలేదు. మా ఏజెంటు మిల్ట్ ఫోను చేశాడు." ఎడమ చెయ్యి చెవికి పెట్టుకుని, కుడి చేతిలో లేని కాఫీ కప్పు పట్టుకున్నాడు. మిల్ట్ గొంతు పెట్టాడు, ముక్కుతో, సంబరంగా: "'జైల్లో రా! నువ్వు ఏడవాలి రా!' అంటాడు. నేనేమో, 'పడ్డానికి చోటుండదు కదరా,' అంటాను. 'పడ్డమేంటి?' అని వాడు. 'తంతే నవ్వుతానా?' అని నేను..."

లైట్లవాళ్లు పొట్టలు పట్టుకున్నారు. జూడీ నవ్వుతూ దగ్గుతోంది. గ్రీర్ మొదట నవ్వాడు, తరవాత నవ్వు ఆపి హాల్ ముఖంలోకి చూశాడు, తరవాత కెమెరా వైపు చూశాడు. దాని కంటికి మూత బిగించే ఉంది. హాల్ ముఖం మీద అన్నీ ఉన్నాయప్పుడు, మిల్టూ, తనూ, పొద్దున గుడ్లు వేయించిన ఆరాక్సీ, వణికే గడ్డం, పొంగుకొస్తున్న నీళ్లు. నవ్వువల్లో దేనివల్లో ఎవరూ అడగలేదు.

"అందుకే కట్టుకొచ్చాను ఈ మెత్తలు," అన్నాడు హాల్, వాటిని పైకెత్తి చూపిస్తూ. "వాడన్నది, 'ఈసారి హీరో తండ్రివి నువ్వే' అని. నేను విన్నది, 'ఈసారి హీరో తన్నేది నిన్నే' అని. పొద్దున్నుంచీ నా చెవినే తిట్టుకున్నా. ఇప్పుడు చూస్తే మిల్టే తప్పు చెప్పాడు, నా చెవి సరిగ్గానే వింది."